పికప్ ట్రక్కు ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్‌లో గేరుమార్పిడి లోపాలు: నిర్ధారణ పద్ధతిపై పరిశీలన

వ్యాససంగ్రహం

ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్‌లో గేర్లు ఆలస్యంగా పడడం, కుదుపుతో పడడం, కొన్ని గేర్లు అసలే పడకపోవడం తరచుగా ఎదురయ్యే ఫిర్యాదులు. ఒకే లక్షణానికి కారణాలు అనేకం ఉండవచ్చు. ఫ్యూజు కాలినా, క్లచ్ మాడినా డ్రైవరుకు బండి ఒకే తీరున మొరాయించినట్లు అనిపించవచ్చు. అమెరికన్ పికప్ ట్రక్కుల్లో విస్తృతంగా వాడిన జనరల్ మోటార్స్ 4ఎల్60-ఇ ట్రాన్స్‌మిషన్‌ను ఉదాహరణగా తీసుకొని, లక్షణం నుంచి కారణానికి చేరే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. పనిచేయని గేరు ఎంత సాక్ష్యమో, పనిచేస్తున్న గేరు కూడా అంతే సాక్ష్యమన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలక పదాలు: ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్, పికప్ ట్రక్కు, సోలినాయిడ్, క్లచ్, లోపనిర్ధారణ, శేషవత్ అనుమానం

1. ఉపోద్ఘాతం

కార్యం నుంచి కారణాన్ని ఊహించడాన్ని న్యాయశాస్త్రం శేషవత్ అనుమానం అన్నది. నది పొంగడం చూసి ఎగువన వాన కురిసిందని గ్రహించడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు ఈ పదానికి మరో అర్థాన్ని కూడా చెప్పాడు. సాధ్యమైన పక్షాలను ఒక్కొక్కటిగా నిరాకరిస్తూ పోగా చివరకు మిగిలిన పక్షాన్ని నిశ్చయించడమే ఆ రెండవ అర్థం. దీనినే పరిశేషం అంటారు. ట్రాన్స్‌మిషన్ లోపాన్ని వెదికే మెకానిక్ ఈ పేర్లు వినకపోయినా, సమర్థుడైతే అనుసరించేది ఈ రెండవ మార్గాన్నే.

ఈ మార్గాన్ని విడిచిపెడితే జరిగే నష్టం చిన్నది కాదు. అమెరికాలో ట్రాన్స్‌మిషన్‌ను దించి పునర్నిర్మించడానికి వేల డాలర్లు ఖర్చవుతాయి. అదే లక్షణాన్ని చూపగల ఫ్యూజు ఖరీదు కొన్ని సెంట్లే. పికప్ ట్రక్కు చాలామందికి జీవనాధారం కూడా. వడ్రంగి పనిముట్లూ, రైతు పశుగ్రాసమూ, చిన్న గుత్తేదారు సామగ్రీ దానిలోనే తరలుతాయి. కారణం తెలియకుండా భాగాలు మార్చుకుంటూ పోతే యజమాని డబ్బుతో పాటు పనిదినాలనూ కోల్పోతాడు. అందువల్ల నిర్ధారణలో ఏ పరీక్ష ముందు, ఏది తరువాత అన్న ప్రశ్నకు ఆర్థిక ప్రాధాన్యం కూడా ఉంది.

2. గేరు ఎలా మారుతుంది

జనరల్ మోటార్స్ 1982లో టర్బో హైడ్రామాటిక్ 700ఆర్4 అనే నాలుగు గేర్ల ట్రాన్స్‌మిషన్‌ను ప్రవేశపెట్టింది. తరువాత దాని పేరు 4ఎల్60గా మారింది. 1993లో ట్రక్కుల కోసం ఎలక్ట్రానిక్ నియంత్రణతో వచ్చిన రూపమే 4ఎల్60-ఇ. పేరులోని నాలుగు ముందుకు నడిపే గేర్ల సంఖ్యను, ఎల్ అనే అక్షరం బండి పొడవు దిశలో అమరికను, 60 సాపేక్ష బలాన్ని, ఇ ఎలక్ట్రానిక్ నియంత్రణను సూచిస్తాయి. దీని గేరు నిష్పత్తులు వరుసగా 3.06, 1.63, 1.00, 0.70.

ఇంజను శక్తి మొదట టార్క్ కన్వర్టర్‌కు చేరుతుంది. కన్వర్టర్‌తో పాటు తిరిగే పంపు ఆయిల్‌కు పీడనాన్ని కల్పిస్తుంది. వాల్వ్ బాడీ అనే అల్యూమినియం దిమ్మెలోని సన్నని దారుల గుండా ఆ ఆయిల్ క్లచ్‌లకు చేరి వాటిని బిగిస్తుంది. ఏ క్లచ్ బిగుసుకుంటే ఏ గేరు పడుతుందన్నది ప్లానెటరీ గేర్ల అమరికను బట్టి ముందే నిర్ణయమై ఉంటుంది. ఆయిల్‌ను ఎటు పంపాలో కంప్యూటర్ రెండు షిఫ్ట్ సోలినాయిడ్ల ద్వారా ఆదేశిస్తుంది. వాటిని ఎ, బి అని పిలుస్తారు. మొదటి గేరులో రెండింటికీ విద్యుత్తు అందుతుంది. రెండవ గేరులో బికి మాత్రమే, నాలుగవ గేరులో ఎకి మాత్రమే అందుతుంది. మూడవ గేరులో రెండింటికీ అందదు.

పీడనాన్ని నియంత్రించే సోలినాయిడ్ మరొకటి ఉంది. దానికి అందే విద్యుత్తు పెరిగితే పీడనం తగ్గుతుంది, విద్యుత్తు ఆగిపోతే పీడనం గరిష్ఠానికి చేరుతుంది. ఈ రెండు ఏర్పాట్ల వెనుక ఒకే ఆలోచన కనిపిస్తుంది. విద్యుత్తు పూర్తిగా పోయినా బండి మూడవ గేరులో గరిష్ఠ పీడనంతో నడిచి ఇంటికో షెడ్డుకో చేరగలగాలి. కాబట్టి బండి బరువుగా కదులుతూ మూడవ గేరులోనే బయలుదేరి, వెనుక గేరు పెద్ద కుదుపుతో పడుతుంటే, క్లచ్‌లు పాడయ్యాయని అనుకోవడానికి ముందు విద్యుత్తు అందుతున్నదా అని చూడాలి. సోలినాయిడ్ల సరఫరా ఫ్యూజు కాలిపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

3. విప్పకుండా చేయదగిన పరీక్షలు

నిర్ధారణ ఆయిల్‌తో మొదలు కావాలి. డిప్‌స్టిక్ ఉన్న 4ఎల్60-ఇలో బండిని చదునైన నేలపై నిలిపి, ఆయిల్ వేడెక్కిన తరువాత, ఇంజను నడుస్తుండగా, లివరును పార్క్ స్థానంలో ఉంచి మట్టం చూడాలి. ఆయిల్ తక్కువైతే పంపు గాలిని పీలుస్తుంది, అప్పుడు గేరు ఆలస్యంగా పడుతుంది. ఆయిల్ ఎక్కువైనా తిరిగే భాగాలు దానిని చిలికి నురగ చేస్తాయి. నురగకు పీడనాన్ని నిలిపే శక్తి లేదు కాబట్టి ఫలితం దాదాపు ఒకటే.

మట్టంతో పాటు రంగు, వాసన కూడా సమాచారాన్నిస్తాయి. నల్లబడి మాడు వాసన వేసే ఆయిల్ క్లచ్ పూత కాలిందని సూచిస్తుంది. పాలు కలిపినట్లు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్‌లోని ఆయిల్ కూలర్ గొట్టానికి చిల్లుపడి కూలెంట్ ఆయిల్‌లో కలిసిందని అర్థం. అలాంటప్పుడు ఆయిల్ మార్చినంత మాత్రాన సరిపోదు, తేమ తగిలిన క్లచ్ పూత ఊడిపోయే ప్రమాదం ఉంది. అడుగు పళ్లెంలోని అయస్కాంతంపై సన్నని బూడిదరంగు పేస్టు ఉండడం సహజమే. లోహపు పొట్టు, ముక్కలు కనిపిస్తే మాత్రం లోపల గట్టి భాగమేదో విరిగిందనో అరిగిందనో భావించాలి.

ఆ తరువాత విద్యుత్ వ్యవస్థను చూడాలి. బ్యాటరీ వోల్టేజి, ఎర్త్ తీగలు, ఫ్యూజులు, ట్రాన్స్‌మిషన్ పక్కనున్న పెద్ద కనెక్టరు ఈ వరుసలో వస్తాయి. ఆ కనెక్టరు దగ్గరే షిఫ్ట్ సోలినాయిడ్ల నిరోధాన్ని కొలవవచ్చు. మామూలు ఉష్ణోగ్రతలో అది సుమారు 19 నుంచి 24 ఓంలు ఉండాలి. పీడన సోలినాయిడ్‌ది 3 నుంచి 5 ఓంల మధ్య ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు సరైన విలువ చూపిన తీగచుట్ట వేడెక్కాక తెగిపోవచ్చు. అందుచేత బండి ఎప్పుడు మొరాయిస్తున్నదో, ఆ స్థితిలోనే కొలవడం అవసరం.

కంప్యూటర్‌కు అందే సమాచారాన్ని కూడా పరీక్షించాలి. యాక్సిలరేటర్‌ను డ్రైవరు ఎంత తొక్కుతున్నాడో థ్రాటిల్ సెన్సర్, బండి ఎంత వేగంతో పోతున్నదో స్పీడ్ సెన్సర్ తెలుపుతాయి. థ్రాటిల్ సెన్సర్ అసలు కంటే ఎక్కువ చూపితే గేరు ఆలస్యంగా మారుతుంది. స్పీడ్ సెన్సర్ సంకేతం మధ్యమధ్య తెగితే గేర్లు అకారణంగా కిందికీ పైకీ మారుతుంటాయి. ఈ సందర్భాల్లో ట్రాన్స్‌మిషన్ తనకు అందిన ఆదేశాన్ని సక్రమంగానే పాటిస్తున్నది. లోపమంతా ఆదేశానికి ఆధారమైన సమాచారంలో ఉంది.

4. కోడ్ స్వరూపం

స్కానర్ తగిలించి కోడ్ చదవడంతోనే నిర్ధారణ ముగిసిందన్న భావన వ్యాప్తిలో ఉంది. కోడ్ కూడా కంప్యూటర్ చేసిన ఒక అనుమానమే. ఉదాహరణకు పి0753 కోడ్ ఎ సోలినాయిడ్ విద్యుత్ వలయంలో లోపాన్ని తెలుపుతుంది. పి0758 కోడ్ బికి సంబంధించినది. ఇవి కంప్యూటర్ నేరుగా గమనించిన విషయాలకు దగ్గరగా ఉన్నవి. పి0751, పి0756 కోడ్ల సంగతి వేరు. ఆదేశించిన గేరుకు తగిన నిష్పత్తి రాలేదని మాత్రమే అవి తెలుపుతాయి. సోలినాయిడ్ ఇరుక్కున్నా, వాల్వ్ కదలకపోయినా, క్లచ్ జారినా ఆ నిష్పత్తి రాదు. కోడ్ వివరణలో సోలినాయిడ్ పేరు ఉన్నందువల్ల దానిని మాత్రమే మార్చి, మాడిన క్లచ్‌ను అలాగే వదిలిన బండి మళ్లీ షెడ్డుకు రావడంలో ఆశ్చర్యం లేదు.

ఇందుకు విపర్యయం పి1870 కోడ్‌లో కనిపిస్తుంది. ట్రాన్స్‌మిషన్‌లో ఏదో భాగం జారుతున్నదని ఈ కోడ్ భావం. ఇది వినగానే మొత్తం ట్రాన్స్‌మిషన్ మార్చాలనిపిస్తుంది. అయితే 4ఎల్60-ఇలో దీనికి బాగా తెలిసిన కారణం వాల్వ్ బాడీలో ఉంది. టార్క్ కన్వర్టర్ లాక్‌ను నియంత్రించే వాల్వు నిరంతరం కదలడం వల్ల మెత్తని అల్యూమినియం రంధ్రం అరుగుతుంది. ఆ సందులోంచి ఆయిల్ కారి, లాక్ జారుతుంది. వాల్వ్ బాడీని ట్రాన్స్‌మిషన్ బండికి ఉండగానే, అడుగు పళ్లెం దించి బయటకు తీయవచ్చు. ఒక చోట కోడ్ చిన్న భాగాన్ని చూపగా లోపం పెద్దదైంది, మరొక చోట కోడ్ పెద్ద లోపాన్ని సూచించగా కారణం చిన్నదైంది.

కంప్యూటర్ లోపాన్ని కొంతకాలం కప్పిపుచ్చగలదని కూడా గుర్తించాలి. గేరు మారడానికి పట్టే కాలాన్ని అది గమనిస్తుంది. క్లచ్ అరిగి ఆ కాలం పెరిగితే పీడనాన్ని పెంచి సరిచేస్తుంది. పెంచగలిగిన మేరకు పెంచినా కాలం తగ్గనప్పుడు పి1811 కోడ్ నమోదవుతుంది. డ్రైవరుకు లోపం హఠాత్తుగా వచ్చినట్లు అనిపించినా, అంతకుముందు చాలాకాలం కంప్యూటర్ దానిని సర్దుతూ వచ్చి ఉండవచ్చు.

5. గేర్ల సాక్ష్యం

ఆయిల్, విద్యుత్తు, సంకేతాలు నిర్దోషమని తేలిన తరువాత యాంత్రిక భాగాల విచారణ మొదలవుతుంది. ఏ గేరులో ఏ భాగాలు పట్టు పడతాయో ముందుగా తెలియాలి. లివరు డ్రైవ్‌లో ఉన్నప్పుడు 4ఎల్60-ఇలో ప్రధానమైన అమరిక ఇది:

మొదటి గేరు: ఫార్వర్డ్ క్లచ్, స్ప్రాగ్, లో రోలర్ క్లచ్
రెండవ గేరు: ఫార్వర్డ్ క్లచ్, స్ప్రాగ్, 2-4 బ్యాండ్
మూడవ గేరు: ఫార్వర్డ్ క్లచ్, స్ప్రాగ్, 3-4 క్లచ్
నాలుగవ గేరు: 3-4 క్లచ్, 2-4 బ్యాండ్
వెనుక గేరు: రివర్స్ ఇన్‌పుట్ క్లచ్, లో-రివర్స్ క్లచ్

వీటిలో స్ప్రాగ్, లో రోలర్ క్లచ్ ఒకే దిశలో పట్టు ఇచ్చేవి. మిగిలినవి ఆయిల్ పీడనంతో బిగుసుకునేవి. వీటితో పాటు సన్ షెల్ అనే పల్చని ఉక్కు గిన్నె ఒకటి ఉంది. వెనుకనున్న సన్ గేరును రివర్స్ ఇన్‌పుట్ డ్రమ్ముతో కలిపేది అదే. రెండు, నాలుగు, వెనుక గేర్లకు అది తప్పనిసరి. మొదటి, మూడవ గేర్లలో అది బరువు మోయకుండా ఊరక తిరుగుతుంది.

బండిలో రెండవ, నాలుగవ గేర్లు పడడం లేదనుకుందాం. ఈ రెండింటికీ ఉమ్మడిగా కావలసినవి బ్యాండు, సన్ షెల్. ఇప్పుడు వెనుక గేరును పరీక్షించాలి. అది చక్కగా పనిచేస్తే సన్ షెల్ క్షేమమే, అనుమానం బ్యాండు వైపు, దానిని బిగించే సర్వో వైపు నిలుస్తుంది. వెనుక గేరు కూడా లేకపోతే సన్ షెల్ విరిగిందన్న నిర్ణయం బలపడుతుంది. బండిని విప్పనవసరం లేకుండా, లివరును వెనుక గేరులోకి జరిపినంత మాత్రాన రెండు పక్షాల్లో ఒకటి తొలగిపోయింది.

వెనుక గేరు మాత్రమే లేనప్పుడు అనుమానం రెండు క్లచ్‌ల మధ్య ఉంటుంది. లివరును 1 వద్ద ఉంచి నెమ్మదిగా నడుపుతూ యాక్సిలరేటర్ వదలాలి. ఇంజను బండిని వెనక్కి పట్టి ఆపుతుంటే లో-రివర్స్ క్లచ్ పనిచేస్తున్నట్లే, ఎందుకంటే ఆ స్థానంలో ఇంజను బ్రేకింగ్‌కు అది తప్పనిసరి. అప్పుడు రివర్స్ ఇన్‌పుట్ క్లచ్‌ను అనుమానించాలి. డ్రైవ్‌లో ఉంచితే మొదటి గేరు పట్టక, 1 వద్ద మాత్రం బండి కదిలితే లో రోలర్ క్లచ్ ప్రధాన అనుమానితమవుతుంది. దాని పనిని అక్కడ లో-రివర్స్ క్లచ్ చేస్తున్నది.

రెండవ గేరు తరువాత బండి న్యూట్రల్‌లో పడ్డట్లు ఇంజను అరవడం మరో ప్రసిద్ధ ఫిర్యాదు. 3-4 క్లచ్ మాడినప్పుడు ఇలా జరుగుతుంది. మూడవ గేరు కోసం బ్యాండు వదులవుతుంది, కాని 3-4 క్లచ్ పట్టదు. ఫార్వర్డ్ క్లచ్ ఇంకా బిగిసే ఉన్నందువల్ల బండి మొదటి గేరుకు తిరిగి వెళ్లాలి. ఇంజను నిమిషానికి 2500 చుట్లు తిరుగుతున్నప్పుడు ఇది జరిగితే, మొదటి గేరు తిరిగి పట్టాలంటే ఇంజను దాదాపు 4700 చుట్లకు చేరాలి. 3.06ను 1.63తో భాగిస్తే వచ్చే 1.88 రెట్ల తేడా అది. అంతవరకు పట్టు ఉండదు కాబట్టి డ్రైవరుకు గేరు జారిపోయినట్లు తోస్తుంది. బ్యాండు పాడైతే ఇలాంటి అరుపు తక్కువ. రెండవ గేరు ఆదేశించినా బండి మొదటి గేరులోనే కొనసాగి, తరువాత నేరుగా మూడవ గేరుకు దూకుతుంది. డ్రైవరు రెండింటినీ గేరు పడడం లేదన్న ఒకే మాటతో చెప్పవచ్చు. ఇంజను చుట్ల లెక్క ఈ రెండింటినీ వేరుచేస్తుంది.

6. పీడన పరీక్ష

ఏ క్లచ్ జారుతున్నదో తెలిసినంత మాత్రాన అది ఎందుకు జారుతున్నదో తెలియదు. క్లచ్ అరిగి జారవచ్చు, లేదా తగిన పీడనం అందక జారవచ్చు. ఈ భేదాన్ని తేల్చేది పీడన మీటరు. ట్రాన్స్‌మిషన్ పక్కనున్న పీడన రంధ్రానికి దానిని బిగించి, స్కానర్ ద్వారా పీడన సోలినాయిడ్ విద్యుత్తును మారుస్తూ చూడాలి. విద్యుత్తు 1 ఆంపియర్‌కు చేరువైనప్పుడు పీడనం సుమారు 55 నుంచి 65 పి.ఎస్.ఐ. ఉండాలి. విద్యుత్తు సున్నాకు దగ్గరైనప్పుడు 150 దాటాలి. అన్ని గేర్లలోనూ పీడనం తక్కువైతే ఆయిల్ ఫిల్టరు, పంపు, పీడన నియంత్రణ వాల్వు విచారణకు వస్తాయి. ప్రధాన పీడనం బాగుండి ఒక్క గేరే జారుతుంటే లోపం ఆ క్లచ్‌లోనో, దానికి ఆయిల్ చేర్చే దారిలోనో ఉంటుంది. వాల్వ్ బాడీ దించి, క్లచ్‌ల ఆయిల్ దారుల్లోకి గాలి కొట్టి చూస్తే సీళ్లు కారుతున్నాయో లేదో తెలుస్తుంది.

ఈ పరీక్షను విస్మరిస్తే పునర్నిర్మాణం కూడా వ్యర్థం కావచ్చు. పీడనం తక్కువై మాడిన క్లచ్ స్థానంలో కొత్తదాన్ని వేసి, పీడన లోపాన్ని అలాగే ఉంచితే కొత్త క్లచ్ కూడా మాడుతుంది.

7. ట్రాన్స్‌మిషన్‌ది కాని లోపాలు

కొన్ని లక్షణాలు ట్రాన్స్‌మిషన్‌వి అనిపించినా వాటి మూలం వేరే చోట ఉంటుంది. గంటకు 60 మైళ్ల ప్రాంతంలో బండి సన్నగా వణకడం ఇందుకు మంచి ఉదాహరణ. టార్క్ కన్వర్టర్ లాక్ జారినా వణుకు వస్తుంది, ఇంజనులో ఒక సిలిండరు సరిగా మండకపోయినా వస్తుంది. యాక్సిలరేటర్‌ను కదపకుండా బ్రేకు పెడల్‌ను ఎడమ పాదంతో తేలికగా తాకితే లాక్ విడిపోతుంది. వణుకు వెంటనే ఆగితే మొదట లాక్‌ను పరిశీలించాలి, కొనసాగితే ఇంజను వైపో, ప్రొపెల్లర్ షాఫ్ట్ వైపో దృష్టి మళ్లించాలి.

లాక్ పడుతున్నదో లేదో లెక్కతో కూడా తెలుసుకోవచ్చు. 30 అంగుళాల టైరు, 3.73 యాక్సిల్ నిష్పత్తి ఉన్న పికప్ గంటకు 60 మైళ్ల వేగంతో మూడవ గేరులో నడిస్తే ఇంజను సుమారు 2500 చుట్లు తిరగాలి. నాలుగవ గేరులో లాక్ కూడా పడితే అది 1750కి దిగాలి. అంతకంటే బాగా ఎక్కువ ఉంటే నాలుగవ గేరు రాలేదు, లేదా లాక్ పడలేదు.

యజమాని పెద్ద టైర్లు వేయించి కంప్యూటర్‌కు ఆ మార్పు తెలపకపోతే వేగం లెక్క తప్పి గేర్లు అనుచిత సమయాల్లో మారతాయి. నాలుగు చక్రాల పట్టు ఉన్న ట్రక్కులో ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉండిపోతే ఏ గేరులోనూ బండి కదలదు. లోపల అన్నీ సవ్యంగా ఉన్నా ట్రాన్స్‌మిషన్ పోయిందన్న భ్రమ కలుగుతుంది.

8. బరువు, వేడి, వర్తింపు

కారుకూ పికప్‌కూ ఈ విషయంలో ముఖ్యమైన భేదం మోసే బరువు. ట్రెయిలర్ లాగుతున్నప్పుడు కన్వర్టర్‌లో ఆయిల్ తీవ్రంగా వేడెక్కుతుంది. వేడికి ఆయిల్ గుణం చెడుతుంది, సీళ్లు గట్టిపడతాయి, సందులు పెరిగి పీడనం కారిపోతుంది, క్లచ్ జారుతుంది. జారిన క్లచ్ మరింత వేడిని పుట్టిస్తుంది. ఈ వలయాన్ని మొదట్లోనే తెంచగలిగేవి ఆయిల్ మార్పు, శుభ్రమైన కూలర్, లాగుడు సమయంలో టో-హాల్ మోడ్ వాడకం. అందువల్ల బండి ఏ పనిలో నలిగిందో డ్రైవరును అడిగి తెలుసుకోవడం కూడా నిర్ధారణలో భాగమే.

తెలుగు ప్రాంతాల్లో పికప్ అంటే ఎక్కువగా మాన్యువల్ గేర్ల బండే. అయితే తిరుపతి జిల్లా శ్రీసిటీలోని ఇసుజు కర్మాగారంలో తయారయ్యే వి-క్రాస్ పికప్‌కు ఆటోమేటిక్ రకం కూడా ఉంది. దానిలోనివి ఆరు గేర్లు, క్లచ్‌ల అమరిక పూర్తిగా వేరు. కనుక పైన ఇచ్చిన గేరు పట్టిక, ఓంల విలువలు, పీడన అంకెలు దానికి వర్తించవు. ఆ బండికి చెందిన పట్టికను తయారీదారు సర్వీసు పుస్తకం నుంచే తీసుకోవాలి. వర్తించేది పద్ధతి మాత్రమే.

9. ముగింపు

గేరుమార్పిడి లోప నిర్ధారణలో మూడు సూత్రాలు స్థిరపడుతున్నాయి. విప్పనవసరం లేని పరీక్షలు విప్పవలసిన వాటికంటే ముందు జరగాలి. కోడ్‌ను తీర్పుగా కాక సాక్ష్యంగా స్వీకరించాలి. పనిచేయని గేర్లతో పాటు పనిచేస్తున్న గేర్లను కూడా నమోదు చేసి, వాటికి ఉమ్మడిగా ఉన్న భాగాలను అనుమానితుల జాబితా నుంచి తొలగించాలి. ఒక భాగం ఉన్నచోట గేరు పడడం, లేనిచోట పడకపోవడం అన్న అన్వయ వ్యతిరేకాల పరీక్ష ఇదే.

ట్రాన్స్‌మిషన్ దించాలని షెడ్డులో చెప్పినప్పుడు యజమాని అడగవలసిన ప్రశ్న కూడా ఈ సూత్రాల నుంచే వస్తుంది: ఏ గేర్లు పనిచేస్తున్నాయి, వాటిని బట్టి ఏ భాగాలను తొలగించారు, చివరకు మిగిలింది ఏది? దీనికి స్పష్టమైన సమాధానం ఉన్నప్పుడే ఆ ఖర్చుకు ఆధారం ఉన్నట్లు. సమాధానం లేకపోతే నిర్ధారణ ఇంకా పూర్తి కాలేదు.